ఆడేవాళ్లున్నారు, కొనేవాళ్లేరీ?

ప్రశ్న: నేనూ నా స్నేహితురాలూ కలిసి కొన్నేళ్లుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌కి సరిపోయే అడ్వెంచర్లు, రాక్షసుల పుస్తకాలు రాసి పీడీఎఫ్‌లుగా అమ్ముతున్నాం. ఒక్కోటి పది డాలర్లు. మొదట్లో ఒక్కో పుస్తకం మూడు నాలుగు వందల కాపీలు పోయేది. ఇప్పుడు రాతా మెరుగైంది, బొమ్మలూ మెరుగయ్యాయి, కానీ ఎనభై దాటడం గగనంగా ఉంది. "చిన్నవి ఎవరికీ కనబడవు, 250 పేజీల హార్డ్‌కవర్ ఒకటి క్రౌడ్‌ఫండింగ్‌లో పెడదాం" అంటోంది తను. ఇది కుదిరితే ఇద్దరం ఉద్యోగాలు మానేసి పూర్తిగా ఇదే చేయాలన్నది మా పాత ప్లాన్. నాకు టెన్షన్‌గా ఉంది. మార్కెట్ పడిపోయిందా, మేమే బాగా రాయడం లేదా? ముందుకెళ్లాలా, ఆపేయాలా? పేరు వేయకండి.

సమాధానం: తేల్చి చెప్పగలిగినవి ముందే చెప్పేస్తాను. ఆ 250 పేజీల పుస్తకం ఇప్పుడు వద్దు. ఉద్యోగాలు మానొద్దు. రాయడం మాత్రం ఆపక్కర్లేదు. ఎందుకో ఇక తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఈ ఆటలు తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. అందులో ఒకరు గేమ్ మాస్టర్. కథ నడిపేది, రాక్షసుల తరఫున పాచికలు వేసేది ఆ మనిషే. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఆడతారు. రూల్స్ పుస్తకం ఒక కంపెనీది. ఆ రూల్స్‌తో ఆడుకోవడానికి పనికొచ్చే కథలు (వీటినే అడ్వెంచర్లంటారు), మంత్రాలు, రాక్షసులు బయటివాళ్లు రాసి అమ్మితే దాన్ని థర్డ్ పార్టీ ప్రచురణ అంటారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టింది 1974లో. బయటివాళ్లకు తలుపు బార్లా తెరిచింది మాత్రం 2000లో. మూడో ఎడిషన్‌తో పాటు విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ ఓపెన్ గేమ్ లైసెన్స్ ఇచ్చినప్పుడు.

ఆ తలుపు తెరిచిన మూడేళ్లకే ఒకసారి ఇప్పటిలాగే పుస్తకాల ముంపు వచ్చింది. ఎవరు పడితే వాళ్లు పుస్తకాలు అచ్చువేశారు. షాపులవాళ్లు మొదట్లో వచ్చినవన్నీ తెప్పించుకున్నారు. తర్వాత ఏది మంచిదో ఏది చెత్తో తేల్చుకోలేక చేతులెత్తేశారు. సరిగ్గా ఆ సమయంలో, 2003 జూలైలో, 3.5 అనే సవరించిన ఎడిషన్ దిగింది. అల్మరాల్లో ఉన్న సరుకంతా ఒక్కసారిగా పాతదైపోయింది. చాలా చిన్న ప్రచురణ సంస్థలు ఆ దెబ్బకి కనబడకుండా పోయాయి. బాగా రాసినవాళ్లూ పోయారు, పేజీలు నింపినవాళ్లూ పోయారు. అందుకే "మేమే బాగా రాయడం లేదా" అన్న మీ ప్రశ్నకు అమ్మకాల అంకెల్లో జవాబు వెతకొద్దంటాను. అవి చెప్పే సంగతి వేరు.

అప్పటికీ ఇప్పటికీ ఒక పెద్ద తేడా ఉంది. దాన్ని చాలామంది పట్టించుకోవడం లేదనిపిస్తుంది. అప్పటి సరుకు కాగితం. సగం ధరకో పావు ధరకో అమ్ముడుపోయింది, లేదంటే చెత్తబుట్టకు చేరింది. ఎలాగైనా అల్మరా ఖాళీ అయింది. పీడీఎఫ్‌కి ఆ గతి పట్టదు. ఈ పీడీఎఫ్‌లు అమ్మే సైట్ డ్రైవ్‌త్రూ ఆర్‌పీజీ 2004 నుంచి నడుస్తోంది. ఐదో ఎడిషన్ రూల్స్ బయటివాళ్లకు అందుబాటులోకి వచ్చి, డంజన్ మాస్టర్స్ గిల్డ్ అనే అంగడి తెరుచుకున్నది 2016 జనవరిలో. అప్పుడు ఎక్కించిన పుస్తకం ఇవాళ్టికీ అక్కడే, అదే ధరకో ఇంకా తక్కువకో దొరుకుతోంది. దానికి సమీక్షలున్నాయి, ఐదు నక్షత్రాలున్నాయి. మీ కొత్త పుస్తకానికి పోటీ ఈ నెలలో వచ్చిన పుస్తకాలు ఒక్కటే కాదు. ఇన్నేళ్లలో వచ్చినవన్నీ పోటీయే, అందులో మీ పాతవి కూడా ఉన్నాయి. ఈ ముంపు దానంతటదే తీసేది కాదు.

ఇక కొనే మనిషి వైపు చూడండి. ఒక గుంపులో ఐదుగురుంటే అడ్వెంచర్లు కొనేది దాదాపుగా ఒక్కరే, గేమ్ మాస్టర్. మిగతా నలుగురూ కొనరు. కొని చదివితే కథ ముందే తెలిసిపోతుంది కదా. ఆ ఒక్క మనిషి వారానికో రెండు వారాలకో ఒక పూట ఆట నడుపుతాడు. ఒక పెద్ద కథ పట్టుకుంటే అది పూర్తయ్యేసరికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు. అదే మనిషి డిస్కౌంట్ కనబడితే ఒక్క సాయంత్రంలో పదేళ్లకు సరిపడా అడ్వెంచర్లు కొనేయగలడు. ఆ మూడు నాలుగు వందల కాపీల రోజుల్లో మీకు జరిగింది బహుశా ఇదే. ఆడదామని కొన్నారు, దాచుకున్నారు.

2020లో ఇచ్.ఐఓ అనే గేమ్‌ల సైట్‌లో జాతి న్యాయం కోసం పెట్టిన బండిల్ గుర్తుందా? కనీసం ఐదు డాలర్లిస్తే 1,700కు పైగా ఐటమ్‌లు. ఎక్కువ భాగం వీడియో గేమ్‌లే అయినా టేబుల్‌టాప్ గేమ్‌లూ బోలెడున్నాయి. 80 లక్షల డాలర్లకు పైగా వసూలైంది. మంచి పనే, నాకు దాని మీద ఫిర్యాదేం లేదు. కానీ ఇలాంటి బండిల్‌లు ఏటా వస్తూనే ఉన్నాయి. అవి కొన్నవాళ్ల కంప్యూటర్లలో తెరవని ఫైళ్లు ఎన్ని ఉంటాయో ఊహించండి. వాళ్లకి మీ పదకొండో అడ్వెంచర్ బాగుందా లేదా అన్నది ప్రశ్నే కాదు. దాన్ని ఆడే శుక్రవారం సాయంత్రం ఎక్కడుందన్నదే ప్రశ్న.

కాబట్టి మార్కెట్ పడిపోయిందా అంటే, అసలు ఆట పడిపోలేదు. 2024 సెప్టెంబరులో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తమ చరిత్రలోనే అత్యంత వేగంగా అమ్ముడైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకమని కంపెనీ ప్రకటించింది. అయితే ఆ డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? సెప్టెంబరులో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, నవంబరులో డంజన్ మాస్టర్స్ గైడ్, 2025 ఫిబ్రవరిలో మాన్‌స్టర్ మాన్యువల్. ఒక్కోటి యాభై డాలర్లు. ఆరు నెలల్లో నూటయాభై డాలర్లు అటు పెట్టిన మనిషి మీ పది డాలర్ల పీడీఎఫ్ దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోవడంలో వింతేముంది? పైగా "ఇది కొత్త రూల్స్‌కి సరిపోతుందా?" అన్న అనుమానం ఒకటి. కొత్త రూల్స్‌ని బయటివాళ్లు వాడుకునేందుకు వీలుగా ఎస్‌ఆర్‌డీ 5.2 అనే రూల్స్ పత్రం వచ్చింది 2025 ఏప్రిల్‌లో. అంటే ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ దిగిన ఏడు నెలలకి. ఆ మధ్యకాలంలో పాతదానికి రాస్తే పాతబడుతుందేమో, కొత్తదానికి రాద్దామంటే ఆధారం లేదు. ఎవరికైనా చేతులు కట్టేసినట్టే ఉంటుంది.

దీనికి ముందు 2023 జనవరి గొడవ ఉండనే ఉంది. ఓపెన్ గేమ్ లైసెన్స్‌ని మార్చబోతున్నారన్న ముసాయిదా బయటికి పొక్కింది. అందరూ తిరగబడ్డారు. ఆ నెలాఖరుకే కంపెనీ వెనక్కి తగ్గి పాత రూల్స్ పత్రం ఎస్‌ఆర్‌డీ 5.1ని ఎవరైనా వాడుకోగలిగే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టేసింది. చట్టపరంగా చూస్తే మీలాంటివాళ్లకు మంచే జరిగింది, ఆ అనుమతి ఇక వెనక్కి తీసుకునేది కాదు. కానీ నమ్మకం చెదిరింది. పెద్ద థర్డ్ పార్టీలు సొంత ఇల్లు కట్టుకునే పనిలో పడ్డాయి. కోబోల్డ్ ప్రెస్ టేల్స్ ఆఫ్ ద వేలియంట్ తెచ్చింది. ఎంసీడీఎం డ్రా స్టీల్ తెచ్చింది. క్రిటికల్ రోల్ వాళ్ల డారింగ్టన్ ప్రెస్ 2025లో డ్యాగర్‌హార్ట్ తెచ్చింది. ఇవేవీ చెడ్డ ఆటలు కావు. కానీ ఇంతకుముందు "ఐదో ఎడిషన్‌కి" అని కవర్ మీద వేస్తే అందరూ ఒక్కచోట దొరికేవాళ్లు. ఇప్పుడా జనం నాలుగు దిక్కులకూ చెదిరారు.

ఇంకో విషయం మీ ఉత్తరంలో అసలు లేదు, బహుశా మీరు గమనించి ఉండరు. ఇవాళ చాలామంది ఆటగాళ్లు పాత్రని కాగితం మీద రాసుకోవడం లేదు. డీ అండ్ డీ బియాండ్ అనే వెబ్‌సైట్‌లో చేసుకుంటున్నారు. 2022లో విజర్డ్స్ మాతృసంస్థ హాస్‌బ్రో దాన్ని కొనేసింది. ఆ తర్వాత కొందరు ఎంపిక చేసిన థర్డ్ పార్టీల పుస్తకాలను అందులో అమ్మకానికి పెట్టింది. అక్కడున్న రాక్షసుణ్ని ఒక క్లిక్‌తో ఆటలోకి లాగొచ్చు. మీ పీడీఎఫ్‌లో ఉన్నవాణ్ని టైప్ చేసుకోవాలి. బద్ధకం అనండి, అలవాటు అనండి, మీ రాక్షసుల పుస్తకాలు మీ అడ్వెంచర్ల కంటే ఎక్కువ దెబ్బతిని ఉంటాయని నా అంచనా. ఒకసారి విడివిడిగా లెక్క చూసుకోండి.

ఇప్పుడు మీ స్నేహితురాలి ఆలోచన. తను రోగం సరిగ్గానే పట్టుకుంది. చిన్న పుస్తకాలు కనబడటం లేదన్నది నిజం. మందు దగ్గరే నాకు పేచీ. గది నిండా జనం గొంతు చించుకుంటున్నప్పుడు మీరూ గొంతు పెంచితే మీ గొంతే పోతుంది. 250 పేజీల హార్డ్‌కవర్ అంటే అదే. ఈపాటికి మిగతా అందరూ చేస్తున్న పని అది. 2021లో అవతార్ లెజెండ్స్ అనే ఆటకి కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ సైట్‌లో 95 లక్షల డాలర్లు వచ్చాయి. అది చూసి ఎవరైనా ఆశపడతారు. కానీ దాని వెనక అప్పటికే కోట్లమంది చూసిన టీవీ సీరియల్ ఉంది. ఎంసీడీఎంకీ క్రిటికల్ రోల్‌కీ ఆటకి ముందే వీడియోలు చూసే జనం ఉన్నారు. క్రౌడ్‌ఫండింగ్ జనాన్ని పుట్టించదు. ఉన్న జనం దగ్గర ముందే డబ్బు తీసుకునే ఏర్పాటు, అంతే. మీ దగ్గరున్న జనం ప్రస్తుతానికి ఎనభై మంది.

లెక్క వేద్దాం. మీరు ఏ అంగడిలో అమ్ముతున్నారో రాయలేదు. డ్రైవ్‌త్రూలో మరెక్కడా అమ్మనని ఒప్పుకోకపోతే మీ వాటా 65 శాతం. ఎనభై కాపీలు, పది డాలర్లు, ఎనిమిది వందలు. మీ చేతికి 520. అందులో బొమ్మలకు, లేఅవుట్‌కు పోగా మిగిలింది ఇద్దరు పంచుకోవాలి. గిల్డ్‌లో అయితే మీ వాటా సగమే, అంటే 400. ఇప్పుడు పెద్ద పుస్తకం. 250 పేజీలంటే లక్ష పదాలకు తక్కువ కాదు. మీరిద్దరే రాసుకుంటారు కాబట్టి దానికి డబ్బు వేయరు, సరే. బొమ్మలు? నాలుగు పేజీలకొకటి అనుకున్నా అరవై పైన. ఒక్కోదానికి వంద డాలర్లే అనుకున్నా ఆరు వేలు. మంచి చిత్రకారులు వందకు గీయరు, గీయకూడదు కూడా. ఎడిటింగ్, లేఅవుట్, ప్రింటింగ్, గోడౌన్, పోస్టేజీ వేరే. కిక్‌స్టార్టర్ ఐదు శాతం, పేమెంట్ ఖర్చులు మరో మూడు నుంచి ఐదు శాతం. హార్డ్‌కవర్ బరువుకి దేశాలు దాటించే పోస్టేజీ కొన్నిసార్లు పుస్తకం ధరనే మించుతుంది. డబ్బు తీసుకున్న రోజుకీ పార్సిల్ కట్టే రోజుకీ మధ్య ఏడాదో రెండేళ్లో ఉంటుంది, ఈలోగా రేట్లు పెరిగితే ఆ తేడా మీ జేబులోంచే. 2025లో అమెరికా సుంకాలు పెరిగినప్పుడు పుస్తకాలు చాలావరకు తప్పించుకున్నాయి. కానీ ముందే డబ్బు పెట్టే బ్యాకర్లను ఊరించడానికి జతచేసే పాచికలు, ఆటబొమ్మలు, కార్డులు తప్పించుకోలేదు. అదే ఏడాది జనవరిలో డైమండ్ కామిక్ డిస్ట్రిబ్యూటర్స్ దివాలా తీసింది. షాపులకు గేమ్‌లు చేరవేసే అలయన్స్ అప్పట్లో దాని సంస్థే. మిగిలిన కాపీలు షాపులకు వేసుకుందాంలే అనుకునేవాళ్లు ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఎనభైమంది కొనుగోలుదారులతో ఇందులో దిగడం నేల విడిచి సాము.

ఇదంతా చదివి మీరు "అయితే ఆపేయడమే" అనుకోవచ్చు. నేను అలా అనడం లేదు. డ్రైవ్‌త్రూలో మొట్టమొదటి బ్యాడ్జ్, రాగిది, యాభై కాపీలు దాటితేనే ఇస్తారు. మీ బలహీనమైన పుస్తకం కూడా దాన్ని దాటుతోంది. ఈ ముంపులో, పేరు లేని ఇద్దరికి, అది చిన్నతనం కాదు. జీతం అనుకుంటే చాలదు. ఖర్చులు తనే పెట్టుకునే అభిరుచి అనుకుంటే బాగానే ఉంది. మీరు ఏదనుకుంటున్నారో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. నా అనుమానం, తను మొదటిదీ మీరు రెండోదీ అనుకుంటున్నారు. పుస్తకం సైజు మీద జరుగుతున్న వాదన అసలు దాని గురించే.

చేయాల్సిన పని విషయానికొస్తే, ముందు మీ ఎనభైమందికీ ఒకే ప్రశ్న పంపండి. "బాగుందా?" అని కాదు. మొహమాటానికి బాగుందనే అంటారు. "ఆడారా? ఆడితే ఎక్కడ ఆగి పేజీలు వెనక్కి తిప్పాల్సివచ్చింది?" అని అడగండి. జవాబిచ్చేది పదిమందే అయినా ఫర్వాలేదు. ఆడినవాళ్లే మీ తర్వాతి పుస్తకం కొనేవాళ్లు. ఆడకుండా దాచుకున్నవాళ్లు ఇంకో బండిల్ రాగానే అటు పోతారు.

తర్వాతి పుస్తకం ఇరవై పేజీలకు మించకుండా రాయండి. ఒక్క పూటలో ముగిసే కథ. గేమ్ మాస్టర్ సాయంత్రం ఆరింటికి తెరిచి ఏడింటికి ఆడించగలగాలి. ప్రాంతపు చరిత్ర రెండు పేజీలు, రాజవంశం మూడు పేజీలు వద్దు. అవి రాసేవాళ్లకు సరదా, నడిపేవాళ్లకు చాకిరీ. ఒక గదికి సంబంధించినదంతా ఒక పేజీలోనే ఉండాలి, రాక్షసుడి అంకెలతో సహా. పెద్ద కథ మధ్యలో ఇద్దరు ఆటగాళ్లు రాని రోజు ప్రతి గుంపుకీ వస్తుంది. ఆ రోజు కోసం రాయండి. ఖాళీ దొరికే సాయంత్రం అదొక్కటే, దానికోసం పెద్ద పుస్తకాలు పోటీ పడలేవు.

వేరే ఆటకు మారాలా అని మీరు అడగలేదు కానీ, ఒకటి ప్రయత్నించి చూడొచ్చు. మదర్‌షిప్, షాడోడార్క్, మర్క్ బోర్గ్ లాంటివి బయటివాళ్లు రాసుకోవడానికి అనుమతిస్తాయి. వాటిని నడిపేవాళ్లకు చిన్న అడ్వెంచర్లు కొనే అలవాటు ఉంది. కిక్‌స్టార్టర్‌లో 2019 ఫిబ్రవరిలో మొదలైన జీన్ క్వెస్ట్ అనే కార్యక్రమం కూడా ఇలాంటి పల్చని పుస్తకాల కోసమే పుట్టింది. స్టేపుల్ చేసిన నలభై పేజీల పుస్తకం పోస్టేజీ ఎవరి పీకల మీదకీ రాదు. అయితే అక్కడా జనం మూగుతున్నారు, మర్క్ బోర్గ్ చుట్టూ ఇప్పటికే బాగా మూగారు. మీకు నిజంగా ఆడాలనిపించే ఆట అయితేనే వెళ్లండి. మార్కెట్ ఖాళీగా ఉందని వెళితే మీరు చేరేసరికి నిండిపోతుంది.

పాతవాటిలో బాగా పోయినవి రెండు మూడు ఏరి కొత్త రూల్స్‌కి సరిచేసి పెట్టండి, అన్నింటినీ సవరించే పని పెట్టుకోకండి. గిల్డ్‌లో పెట్టినవి మాత్రం అక్కడే ఉంటాయి, వాటిని ఇంకోచోట అమ్మే వీలు లేదు. కాబట్టి ఇక ముందు ఏది అక్కడ పెట్టాలో ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఫర్గాటెన్ రెల్మ్స్ లాంటి కంపెనీ లోకాలు మీ కథకి తప్పనిసరి కాకపోతే అంత వాటా వదులుకోవడం దండగ.

మీ స్నేహితురాలికి "వద్దు" అని చెప్పకండి. ఆ 250 పేజీల్లో తనకు బాగా ఇష్టమైన అధ్యాయం ఏదో అడగండి. దాన్నే ఆ ఇరవై పేజీల పుస్తకంగా చేయండి. ఎన్ని కాపీలు పోతే రెండో అధ్యాయం రాయాలో, ఎంతకు తగ్గితే ఆపాలో ఇప్పుడే, ఇంకా ఏదీ అమ్మకముందే కాగితం మీద రాసుకోండి. అమ్మకాలు వచ్చాక కూర్చుంటే ఇద్దరూ ఆ అంకెని తమవైపే లాక్కుంటారు. ఇలా అధ్యాయాలు పోగైతే ఏదో ఒక రోజు ఆ హార్డ్‌కవర్ దానంతటదే తయారై ఉంటుంది. అప్పటికి దాన్ని ముందే ఆడినవాళ్లూ ఉంటారు.

పెద్ద పుస్తకం కోసం చిత్రకారులతో ఇప్పటికే మాట్లాడి ఉంటే కొత్తగా ఇంకెవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి. గీసిన బొమ్మలకు మాత్రం మొత్తం డబ్బు ఇచ్చేసి, వాటిని చిన్న పుస్తకంలో వాడుకుంటామని ఈ వారమే చెప్పేయండి.